డాష్, బై, క్వశ్చన్ మార్కు

మొన్న మాఘమాసం ముహూర్తాల్లో సూర్యాపేట నుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేశాడు. కూతురి పెండ్లి. మా ప్రెస్సు వెబ్‌సైట్‌లో ఒక కార్డు నచ్చిందట, మళ్లీ వెతికితే దొరకడం లేదట. "అన్నా, ఎర్ర అట్ట, మీద బంగారు గణపతి. అది యాడున్నదో జర చెప్పు, మా బామ్మర్దికి చూపియ్యాలె" అన్నాడు. మా మనవరాలు ఆ పూట ఇంట్లో లేదు. కంప్యూటర్ తెరిచే ఉంది. ఆ కార్డు వెతికి పట్టుకున్నాను. పైన పొడుగాటి డబ్బాలో దాని చిరునామా కనిపిస్తోంది. చదివి చెప్తే అయిపోయె కదా అనుకున్నాను.

"రాసుకోండి. మా ప్రెస్సు పేరు, డాట్ కామ్. బై. ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ. క్వశ్చన్ మార్కు."

"క్వశ్చన్ ఏందన్నా?"

"క్వశ్చన్ కాదు, మార్కు. కొడవలి లెక్క ఉంటది, కింద చుక్క. తర్వాత సీ ఏ టీ, ఈక్వల్ టు, పదిహేడు. ఆ తర్వాత అండ్ గుర్తు."

"అండ్ అని రాయాల్నా, గుర్తు వెయ్యాల్నా?"

"గుర్తు. దుకాణం బోర్డుల మీద ‘సన్స్’కు ముందల జిలేబీ లెక్క ఒకటి చుట్టి ఉంటది సూడు, అది. తర్వాత పీ ఈక్వల్ టు 4112. మళ్లీ జిలేబీ..."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆయన నెమ్మదిగా అన్నాడు: "అన్నా, నేనే బస్సెక్కి వస్త. కార్డు నా చేతిల పెట్టు."

వచ్చాడు కూడా. ఎంజీబీఎస్‌లో దిగి, ఆటోవాడికి "నాంపల్లి స్టేషన్ ఎదురు గల్లీ" అన్నాడట. తిన్నగా మా మెట్ల దగ్గర దింపాడు. నాలుగు మాటల చిరునామా మనిషిని సూర్యాపేట నుంచి తెచ్చి మా గడపలో నిలబెట్టింది. ఆ నలభై ముక్కల చిరునామా మాత్రం ఆయన్ని బామ్మర్ది దాకా కూడా చేర్చలేకపోయింది.

మా రోజుల్లో ఇట్లా ఉండేది కాదు.

నేను 1966లో, పదిహేనేళ్ల వయసులో, చాపెల్ రోడ్డు పక్క గల్లీలో ఒక జాబ్ ప్రెస్సులో టైపు సర్దే పనికి చేరాను. 1978లో సొంత ట్రెడిల్ మిషన్ పెట్టుకున్నాను. పెండ్లి పత్రికలు, బిల్లు బుక్కులు, వ్యాపారస్తుల లెటర్‌హెడ్లు. అబిడ్స్ షావుకార్ల లెటర్‌హెడ్‌కు ఒక పద్ధతి ఉండేది. నడుమ కంపెనీ పేరు, ఒక మూల ‘ఫోన్’, ఇంకో మూల ‘గ్రామ్స్’.

గ్రామ్స్ అంటే తులం బంగారం లెక్క కాదు. టెలిగ్రామ్ చిరునామా. తంతికి మాటకింత అని డబ్బులు కట్టాలి. చిరునామాలోని మాటలూ ఆ లెక్కలోకే వస్తాయి. ఫలానా బ్రదర్స్ అండ్ కంపెనీ, బట్టల వ్యాపారులు, ఫలానా రోడ్డు, ఫలానా టాకీసు పక్కన అని రాసుకుంటూ పోతే "సరుకు పంపండి" అన్న కబురు కంటే చిరునామాకే ఎక్కువ వదిలేది. అందుకని షావుకార్లు తంతి శాఖకు రుసుము కట్టి ఒకే ఒక్క మాటను తమ పేరు మీద రిజిస్టర్ చేయించుకునేవారు. బొంబాయి నుంచైనా, మద్రాసు నుంచైనా ఆ మాట, పక్కన హైదరాబాద్ అని రాస్తే చాలు. తంతి ఆఫీసులో పుస్తకం తీసి చూసి, మనిషిని ఆ దుకాణానికే పంపేవారు. ఒక ఊళ్లో ఒక మాట ఒక్కరికే. ముందొచ్చినవాడిదే మాట. రుసుము కట్టడం మానేస్తే మాట పోయినట్టే.

ఆ మాట కోసం పడే తిప్పలు మా ప్రెస్సు బల్ల మీదే నడిచేవి. లెటర్‌హెడ్ అచ్చుకిచ్చే ముందు షావుకారు కూర్చుని, చాయ్ మీద చాయ్ తాగుతూ ఆలోచించేవాడు. నోరు తిరగాలి. రాస్తే తప్పు పోకూడదు. తంతి గుమస్తా కటకట కొడుతుంటే ఒక అక్షరం జారినా ఇంకో మాట అయిపోకూడదు. వినగానే ఫలానా సరుకు అని తెలియాలి. ఒక ఇనుప సామాన్ల షావుకారు ‘లోహరాజ్’ కావాలన్నాడు. అది అప్పటికే ఎవరిదో అయిపోయింది. ‘లోహరాణి’తో సరిపెట్టుకున్నాడు. పాతికేళ్లు ఆ మాట మార్చలేదు. ఆయన పోయాక కొడుకులు వేరు పడినప్పుడు గోదాములు సులువుగానే పంచుకున్నారు గానీ, ‘లోహరాణి’ ఎవరికి అన్నదాని మీద నెల రోజులు పంచాయితీ నడిచింది. చిరునామా అంటే అంత విలువ.

2013 జులై 14 రాత్రితో మన దేశంలో టెలిగ్రామ్ ఆగిపోయింది. ఆ రోజు మా మనవరాలు బడికెళ్లే పిల్ల. ఇప్పుడు అదే పిల్ల నాకు చిరునామా ఎట్లుండాలో పాఠం చెప్తోంది. వినక తప్పుతుందా?

అసలు మా పేట పేర్లే చూడండి. అబిడ్స్ అంటే ఏమిటి? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ అనే ఆర్మీనియా ఆయన ఇక్కడ పెట్టిన దుకాణం. ఆ దుకాణం పోయింది, ఆయన పోయాడు, నిజాం పోయాడు. ఇప్పుడు ఆ సర్కిల్లో నెహ్రూ విగ్రహం నిలబడి ఉంది. అయినా బస్సు కండక్టర్ "అబిడ్స్, అబిడ్స్" అనే అరుస్తాడు. నాంపల్లి సంగతీ అంతే. గోల్కొండ సుల్తానుల కొలువులో నేక్‌నామ్ ఖాన్ బిరుదున్న పెద్దమనిషి పేరు మీద నేక్‌నాంపల్లి అయి, జనం నోట్లో అరిగి నాంపల్లి అయిందంటారు. ఉర్దూలో నేక్ నామ్ అంటే మంచి పేరు. మంచి పేరు మీదే ఊరు నిలబడింది చూశారా!

మా ఎదురుగా ఉన్న రైలు స్టేషన్ 1907 నాటిది. రైల్వే వాళ్ల లెక్కలో అది హైదరాబాద్ డెక్కన్. టికెట్ మీద కోడ్ హెచ్ వై బీ. కాకినాడ నుంచి మొదటిసారి వచ్చిన మా వియ్యంకుడు "నాంపల్లి టికెట్ ఇవ్వమంటే హైదరాబాద్ ఇచ్చాడు, నేను దిగాల్సింది ఎక్కడ బావగారూ?" అని ఖాజీపేట దాటినప్పటి నుంచి గాభరా పడ్డాడు. సర్కారు పెట్టిన పేరు కాగితం మీద ఉంటుంది. జనం వెతికేది నోట్లో ఉన్న పేరుతోనే. వెబ్‌సైట్‌కైనా మర్మం ఇదేనంటుంది మా మనవరాలు. ఇంత తెలిసిన పిల్ల ఆ జిలేబీలు ఎందుకు పెట్టిందో!

అడిగితే చెప్పింది. "నేను పెట్టలే తాతా. అది దానంతటదే పెట్టుకుంటది. కార్డు ఎక్కించంగనే ఒక నంబరు పడుతది, ఆ నంబరే అడ్రస్. మనం మార్చకపోతే అట్లనే ఉంటది."

ఈ సైట్లు కట్టే సరంజామాలో వర్డ్‌ప్రెస్ అని ఒకటి ఉందట, 2003లో పుట్టింది. దాంట్లోనూ మొదట్లో క్వశ్చన్ మార్కు, పీ, ఈక్వల్ టు, నంబరు, ఇదే వరస. లోపల ఒక మీట నొక్కితే నంబరు బదులు మాటలు వస్తాయి. ఆ మీట పేరు పర్మలింక్, అంటే పర్మనెంట్ లింకు. శాశ్వతమైన లంకె. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, దీని సంగతి మళ్లీ వస్తుంది.

నంబరు చిరునామా మాకేం కొత్త కాదు లెండి. మునిసిపాలిటీ వాళ్లు ఇంటికిచ్చే నంబరు చూడండి. వార్డు, బ్లాకు, ఇల్లు. మాది ఐదు డాష్ ఎనిమిది డాష్ ఏదో, బై ఏ, బై రెండు. పెద్ద ఇల్లు ముక్కలైన కొద్దీ బైలు పెరుగుతాయి. అన్నదమ్ములు ఎన్నిసార్లు కొట్లాడుకున్నారో బైలు లెక్కపెట్టి చెప్పొచ్చు. మా మనవరాలి తెర మీద చిరునామాలోనూ ఇవే డాష్‌లు, ఇవే బైలు. ఇంటి నంబరు కరెంటు బిల్లు మీదుండేది, మనిషిని పంపాలంటే మాత్రం "స్టేషన్ ఎదురు గల్లీ, మూడో మెట్లు" అనేవాళ్లం. నంబరు సర్కారుకు, మాట మనిషికి. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చి అబిడ్స్ జీపీవోకు 500001 అని నంబరు పడ్డాక కూడా, ఎవరన్నా "ఐదు లక్షల ఒకటి దగ్గర కలుద్దాం" అన్నారా? జీపీవో ముందల అనే అన్నారు.

సరే, మాటలు పెడదాం అంది పిల్ల. ప్రతి కార్డుకూ, ప్రతి పేజీకీ ఒక చిన్న పేరు పెట్టాలి. "దాన్ని స్లగ్ అంటరు తాతా. నీకు తెల్వదు లే."

నాకు తెలియదా! నా చేతులు అరిగిందే స్లగ్గులు సర్ది. కంపోజింగ్‌లో లైనుకూ లైనుకూ మధ్య ఎడం కోసం సీసం పట్టీలు వేసేవాళ్లం. పలచనిది లెడ్డు, ఆరు పాయింట్లూ ఆపైన మందముంటే స్లగ్గు. లైనోటైప్ మిషన్లో అయితే ఒక లైను మొత్తం ఒకే సీసం కడ్డీగా పోతపోసుకుని వస్తుంది, దాన్నీ స్లగ్గే అనేవారు. 1886లో న్యూయార్క్‌లో మొదటిసారి పత్రిక అచ్చుకు వాడిన మిషన్ అది. ఇక పేపరాఫీసులో సబ్ ఎడిటర్ దగ్గర ఇంకో స్లగ్గు. వార్త కాగితాలు నాలుగు ముక్కలుగా నలుగురు కంపోజిటర్ల దగ్గరికి పోతాయి. కలిసిపోకుండా ప్రతి కాగితం నెత్తిన ఒకటే మాట రాస్తారు. వరద వార్తయితే ‘వరద’, హత్య అయితే ఆ పేట పేరు. హెడ్డింగు పాఠకుడికి, స్లగ్గు పనివాడికి. ఇవాళ వెబ్‌సైట్ వాళ్లు వాడే స్లగ్ ఆ పేపరాఫీసు మాటే, మా సీసం గదిలోంచి వెళ్లిందే. ఇదంతా చెప్పేసరికి పిల్ల నోరు తెరిచి చూసింది. ఆ రోజు అన్నం రుచిగా తిన్నాను.

ఆ తర్వాత పాఠం మొదలుపెట్టింది. మాటకూ మాటకూ నడుమ ఖాళీ వదలకూడదు, డాష్ పెట్టాలి. కింద గీత గీయకూడదు, గీస్తే రెండు మాటలూ ఒకటే మాటగా అతుక్కున్నట్టు గూగుల్ చూస్తుంది. అన్నీ లోయర్ కేస్ అక్షరాలే. ఇక్కడ మళ్లీ నేను అందుకున్నాను. లోయర్ కేస్ అన్న మాటా మాదే. ఇంగ్లీషు టైపు రెండు చెక్క కేసుల్లో ఉండేది. పెద్దక్షరాలు పై కేసులో, చిన్నక్షరాలు చేతికందే కింది కేసులో. తెలుగుకైతే గుణింతాలు, ఒత్తులు, జంటలు అన్నీ కలిసి కేసుల మీద కేసులు, కంపోజిటర్ నిలబడి పద్మాసనం తప్ప అన్ని ఆసనాలూ వేసేవాడు. పెద్దక్షరం, చిన్నక్షరం కలిపితే వచ్చిన నష్టమేంటని అడిగాను. డాట్ కామ్ దాకా ఎట్లా రాసినా ఒకటేనట. దాని తర్వాత బై దాటాక మాత్రం పెద్ద ‘ఏ’ వేరు, చిన్న ‘ఏ’ వేరు అని చాలా కంప్యూటర్లు లెక్కపెడతాయట. పెద్దింటికి ఒకరు, చిన్నింటికి ఒకరు అన్నట్టు.

పాఠంలో ఇంకో సంగతి నచ్చింది. ఆ డాట్ పీహెచ్‌పీ అనే తోక ఎందుకంటే, లోపల పనిచేసే భాష పేరట. లెటర్‌హెడ్ మీద దుకాణం పేరు పక్కన ‘ట్రెడిల్ మీద తొక్కినది’ అని అచ్చేసుకున్నట్టుంది! రేపు ఆఫ్‌సెట్‌కు మారితే లెటర్‌హెడ్ పారేయాలా? ఇంటర్నెట్‌లో ఈ పేజీల వ్యవహారం కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1998లోనే ఒక చిన్న వ్యాసం రాశాడట. మారనిదే మంచి చిరునామా అని, రేపు మారిపోయే సంగతులేవీ చిరునామాలో పెట్టొద్దని. రాసినవాడి పేరు, లోపలి మిషన్ పేరు, తోకలు, అన్నీ తీసేయమన్నాడు. ఆయన ఏ రోజైనా మా ఫోర్మన్ దగ్గర పనిచేశాడా అని అనుమానం వచ్చింది. మా ఫోర్మన్ కూడా లెటర్‌హెడ్ కంపోజ్ చేసేటప్పుడు, "రేపు ఉండదు అనుకున్న మాట ఇయ్యాల తీసెయ్" అనేవాడు.

ఇట్లా తాత, మనవరాలు కలిసి ఒక వారం కూర్చుని కార్డులకు పొట్టి పొట్టి పేర్లు పెట్టాం. ఎర్ర గణపతి, తామర ముగ్గు, నెమలి మడత. రెండు మాటలు, మూడు మాటలు. ఫోన్లో చెప్తే రాసుకునేటట్టు. ఆ సంతోషంలో నేను 500 విజిటింగ్ కార్డులు అచ్చేశాను. వెనకవైపు గళ్ల గళ్ల క్యూఆర్ బొమ్మ. ఫోన్ చూపిస్తే తిన్నగా మా పెండ్లి కార్డుల పేజీ తెరుచుకునేది.

అప్పుడొచ్చాడు ఒక నిపుణుడు. మా కొడుకు నెల జీతానికి మాట్లాడిన కుర్రాడు. గూగుల్లో మమ్మల్ని మొదటి వరసలో నిలబెడతానన్నాడు. మేం పెట్టిన పేర్లు చూసి జాలిగా నవ్వాడు. "అంకుల్, కీవర్డ్స్ ఏవి?" అన్నాడు. రాత్రికి రాత్రి ‘ఎర్ర గణపతి’ కాస్తా ఏమైందంటే: బెస్ట్ డాష్ చీప్ డాష్ వెడ్డింగ్ డాష్ కార్డ్స్ డాష్ ఇన్ డాష్ అబిడ్స్ డాష్ నాంపల్లి డాష్ హైదరాబాద్ డాష్ లోయెస్ట్ డాష్ ప్రైస్. ఇది చిరునామా కాదు, నుమాయిష్‌లో మైకు పట్టుకుని అరిచే అరుపు. తంతి లెక్కన కడితే మా ‘లోహరాణి’ షావుకారు గోదాము అమ్ముకోవాల్సి వచ్చేది. పైగా పిల్ల చూపించింది, గూగుల్ వాళ్లే తమ మార్గదర్శకంలో చెప్పారట, చిరునామాలో మాటలు కుక్కినంత మాత్రాన వరసలో పైకెక్కడానికి అది పనికొచ్చేది దాదాపు శూన్యమని. పేజీలో సరుకుండాలి, జనానికి పనికి రావాలి. మరి మాటలెందుకు? వెతికినప్పుడు కనిపించే దారిని మనిషి చదువుకుని, ఇది నాకు కావాల్సిందే అని నమ్మి నొక్కడానికి. అంటే మాట మనిషికే, మిషన్‌కు కాదు. ఈ ముక్క మా గల్లీలో ఆటోవాడిని అడిగినా చెప్తాడు.

నిపుణుడు చేసిన ఘనకార్యం అక్కడితో ఆగలేదు. పేర్లు మార్చాడు గానీ పాత పేర్లు ఎక్కడికి పోయాయో ఎవరికీ చెప్పలేదు. నేనిచ్చిన విజిటింగ్ కార్డు గళ్ల మీద ఫోన్ పెడితే 404 అని వస్తోంది. ఆ పేరు గల పేజీ లేదు అని అర్థం. పర్మలింక్ అని పేరు పెట్టుకుని మూడు నెలలు నిలవలేదు! కార్డులు పంచినవి పంచగా ఇంకా రెండు కట్టలు సొరుగులో ఉన్నాయి. అచ్చయిన కాగితం అచ్చయిందే. తెర మీద చెరిపినట్టు చెరపలేం.

ఆ 404 చూడగానే నాకు పోస్ట్‌మ్యాన్ గుర్తొచ్చాడు. మా రోజుల్లో తిరిగొచ్చిన ఉత్తరం మీద ఎర్ర సిరాతో రాసి ఉండేది. ‘అడ్రస్ సరిపోదు’ అనో, ‘ఇల్లు వదిలి వెళ్లారు’ అనో, ‘ఆ పేరు గలవారు లేరు’ అనో. ఎందుకు చేరలేదో ఒక మాట రాసే మర్యాద ఉండేది. పంపినవాడి చిరునామా కూడా లేకపోతే దిక్కులేని ఉత్తరాల కోసం పోస్టల్ శాఖకు వేరే ఆఫీసే ఉండేది. వాళ్లు కవరు విప్పి, లోపల ఏమన్నా ఆనవాలు దొరుకుతుందేమో చూసేవారు. ఇల్లు మారేవాళ్లు పోస్టాఫీసుకెళ్లి కాగితం రాసిచ్చేవారు, నా పాత ఇంటికొచ్చినవన్నీ ఈ కొత్త ఇంటికి పంపండి అని. అప్పుడు గుమస్తా పాత చిరునామా కొట్టేసి కొత్తది రాసి పంపేవాడు. ఉత్తరం రెండు రోజులు ఆలస్యంగానైనా చేరేది.

"గసుంటిది మీ దాంట్ల లేదా బిడ్డా?" అని అడిగాను.

"ఉంది తాతా. 301 అంటరు. శాశ్వతంగా ఇల్లు మారినం, ఇకమీద అందర్నీ అక్కడికి పంపు అని. 302 అంటే కొన్ని రోజులకే పోయినం, మళ్లొస్తం అని."

ఎండాకాలం సెలవులకు అత్తగారింటికి పోయినట్టు 302. ఇల్లమ్మేసి కూకట్‌పల్లికి మారినట్టు 301. ఇంత చక్కని ఏర్పాటు ఉండగా ఆ నిపుణుడు ఎందుకు చెయ్యలేదంటే, మర్చిపోయాడట! కనీసం ఏడాది పాటు ఆ మళ్లింపు తీసెయ్యొద్దని గూగుల్ కూడా చెప్తుంది. కుదిరితే ఎప్పటికీ ఉంచమంటుంది. పిల్ల ఒక రాత్రి కూర్చుని మా పొట్టి పేర్లు మళ్లీ పెట్టింది. నిపుణుడి అరుపులన్నిటి నుంచీ వాటికి మళ్లింపు పెట్టింది. ఆ మొదటి జిలేబీల చిరునామాలకు కూడా పెట్టింది. సూర్యాపేట ఆయన ఏ చీటీ మీద ఎంత వరకు రాసుకున్నాడో ఎవరికి తెలుసు, పాపం.

ఇక నా అసలు కడుపుమంట చెప్పాలి. ఇన్ని చేశాం కదా, పేర్లు తెలుగు లిపిలోనే పెట్టకూడదా? అబిడ్స్‌లో ఏ పాత బోర్డు చూసినా ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు, కొన్నిటి మీద హిందీ కూడా. పెయింటర్ నిచ్చెన మీద నిలబడి నాలుగు లిపులూ రాసేవాడు. పెట్టొచ్చు అంది పిల్ల. ‘శుభలేఖ’ అని పెట్టి చూపించింది. తెర మీద ముత్యాల్లా ఉంది. నాకు కళ్లు చెమర్చాయి. "ఇప్పుడు దీన్ని కాపీ చేసి వాట్సాప్‌ల పంపు తాతా" అంది. పంపాను. అవతల ఏం పడిందో చూశారా? పర్సెంటు, ఈ, సున్నా, పర్సెంటు, బీ, సున్నా, పర్సెంటు... గజం పొడుగు.

లోపలి సంగతి ఇది. చిరునామాలో ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు, కొన్ని గుర్తులకే చోటు. తెలుగు అక్షరాన్ని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు పర్సెంటు గుర్తు, రెండు అంకెలో అక్షరాలో తగిలిస్తారు. అంటే ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతానికి, పొల్లుకు, సున్నాకు తొమ్మిదేసి గుర్తులు. నాంపల్లి అన్న మాటనే లెక్కపెట్టాను. న, దీర్ఘం, సున్నా, ప, ల, పొల్లు, ల, గుడి. ఎనిమిది. ఎనిమిది తొమ్ముల 72. ‘శుభలేఖ’ 54. తెలుగు వికీపీడియాలో ఏ పేజీ లంకె పంపినా ఇదే గోల. అక్కడ పొట్టి లంకెలు చేసుకునే ఏర్పాటు వేరే పెట్టుకోవాల్సి వచ్చింది. గూగుల్‌కు తెలుగు చిరునామాతో పేచీ ఏమీ లేదు, చదువుకుంటుంది. చుట్టాల ఫోన్లో మాత్రం అది దొంగ లింకులా కనబడుతుంది, ఎవరూ నొక్కరు. మేం సీసంతో ఒత్తులు పోసి నిలబెట్టిన లిపి ఇది. చెదలు తినలేదు, పర్సెంట్లు తిన్నాయి.

సరే, ఈ తెలుగు మాటనూ ఇంగ్లీషు అక్షరాల్లోనే పెడదామన్నాం. అక్కడ ఇంకో మహాభారతం. ‘శుభ’కు ఎస్ తర్వాత హెచ్ ఉందా లేదా? పెళ్లా, పెండ్లా? మా ఇంట్లో పెండ్లి. మా వియ్యపురాలు కోస్తా ఆవిడ, పెళ్లి. పాలమూరు నుంచొచ్చేవాళ్లకు లగ్గం. నాంపల్లి దర్గా వైపు నుంచొచ్చే మా ఉర్దూ ఖాతాదార్లకు షాదీ రుఖా. నేను పెండ్లి కోసం పట్టుబట్టాను. పిల్ల ఒక పట్టీ తెరిచింది. గూగుల్లో ఏం రాసి వెతికి మన దగ్గరికి వచ్చారో ఆ పట్టీలో ఉంటుందట. చూస్తే పెళ్లి కార్డులు అని రాసినవాళ్లే ఎక్కువ. ఓడిపోయాను. పెళ్లి పేరే పెట్టింది. నా ముఖం చూసి, పెండ్లి అని రాసినా అక్కడికే పోయేటట్టు ఒక 301 పెట్టింది. నా అభిమానాన్ని కూడా శాశ్వతంగా ఇల్లు మార్చింది.

ఇంతసేపు సణిగాను కాబట్టి ఒక నిజం ఒప్పుకోవాలి. మా రోజుల్లో అన్నీ చేరేవని కాదు. గల్లీ పేరు రాసి ఇంటి పేరు మర్చిపోయిన ఉత్తరాలు, పొరుగూరికి పోయిన తంతులు, ముహూర్తం దాటాక అందిన శుభలేఖలు ఎన్నో. ఒకసారి నేనే ఒక షావుకారు లెటర్‌హెడ్‌లో గ్రామ్స్ మాటలో ఒక అక్షరం తలకిందులు చేశాను. వెయ్యి కాగితాలు. ఆయన ఆ వెయ్యీ అయ్యేదాకా చేత్తో దిద్దుకుంటూ రాశాడు. అప్పుడు 301 లేదు, నా జీతంలో కోత ఉంది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వరసలు చూస్తే ఇప్పటికీ అదే అనిపిస్తుంది. వీపు మీద పేరు చెరిగిపోయిన పుస్తకాన్ని ఎవరూ తీసి చూడరు. లోపల ఎంత గొప్పదైనా కావొచ్చు. బైండింగులో అందుకే వీపు మీద పూర్తి పేరు పట్టకపోతే రెండు మాటలకు కుదించి వేసేవాళ్లం. స్లగ్గే మరి.

పని అంతా అయ్యాక ఒక్క పేజీ మిగిలింది. మా దుకాణానికి ఎట్లా రావాలో చెప్పే పేజీ. నిపుణుడు దానికి పెట్టిన పేరు చెప్తే ఇంకో అర పేజీ ఖర్చు. పిల్ల నన్నే అడిగింది. "ఒక్క మాట చెప్పు తాతా, తంతి లెక్క." నేను ఆలోచించలేదు. ‘దారి’ అన్నాను. పిల్ల మురిసిపోయింది. డీ, ఏ, ఆర్, ఐ. నాలుగక్షరాలు. బై దారి. ఇంతకంటే పొట్టిగా, ఇంతకంటే నోటికి తేలిగ్గా చిరునామా చెప్పగలవాడు ఈ నాంపల్లిలో లేడని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

మూడో రోజు పొద్దున ఫోన్ మోగింది. మల్లేపల్లి నుంచట. ఎవరో మా లింకు పంపారట, చూశాడట.

"భాయ్‌సాబ్, దరీ కిత్నే కీ హై? దస్ బై బారా మిలేగీ?"

పది బై పన్నెండు తివాచీ. డీ, ఏ, ఆర్, ఐ అంటే ఈ ఊళ్లో సగం మందికి దరీ, నేల మీద పరుచుకునే జంపఖానా! తెలుగు వాళ్లకేమో దరి, చెరువు గట్టు. దారి ఎవరికీ కాదు.

పిల్లను పిలిచాను. ఇంకో ఏ వెయ్యమన్నాను. పాత దానికి 301 పెట్టమన్నాను. "ఒక్క అక్షరం మిగిలింది కదా అని తీసేసిన తాతా" అంది. తంతి రోజుల్లో కూడా లెక్క మాటకే గానీ అక్షరానికి కాదని చెప్పేవాళ్లు లేక ఈ పిల్లలు ఇట్లా అయిపోయారు.